కొక్కుమునైలో ఆరో పలక

రంగసామి మూడుకాళ్ళ స్టాండు భుజాన వేసుకుని వీధిలోకి వచ్చాడంటే, విరుదునగర్లో ఎవరూ అతన్ని ఎక్కడికని అడిగేవాళ్ళు కాదు. ఎవరని అడిగేవాళ్ళు. మిరపకాయల మండీల ముందు గోనెసంచులు కుట్టేవాళ్ళు చేతిలో దబ్బనం ఆపి, "ఎవరింట్లో, రంగసామీ?" అనేవాళ్ళు. అతను ఫలానా వారింట్లో అని చెప్పి తల వంచుకుని పోయేవాడు. ఒకసారి ఎదురుగా వస్తున్న పెళ్ళివారి బండి అతన్ని చూసి పక్కసందులోకి తిరిగిపోయి, అక్కడ చక్రం ఇరుక్కుని ముహూర్తం తప్పిందట. ఆ సంగతి ఊరంతా చెప్పుకుని నవ్వేది. రంగసామి కూడా నవ్వేవాడు, కానీ ఇంట్లో నవ్వేవాడు కాదు.

అతను ఫోటోలు తీసేవాడు. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల ఫోటో అంటే చచ్చాక తీసేదే. బతికుండగా తీయించుకుంటే ఆయుస్సు తరుగుతుందని ఒక భయం. చచ్చాక తీయించకపోతే ముఖం మరిచిపోతామని ఇంకో భయం. ఈ రెండు భయాల నడుమ రంగసామి సంసారం నడిచేది. పోయిన పెద్దాయనకు స్నానం చేయించి, నామం పెట్టి, మాల వేసి, కుర్చీలో కూర్చోబెట్టేవారు. కొడుకులూ కోడళ్ళూ చుట్టూ నిలబడేవారు. రంగసామి వచ్చి, వాలిపోతున్న తల వెనక దూది పెట్టి నిలిపి, ముఖం మీద ఈగను తువ్వాలుతో మెల్లగా తోలి, పెట్టె కెమెరా వెనక నల్లగుడ్డలో దూరేవాడు. అద్దానికి ఉన్న మూత తీసి, ఒకటి రెండు మూడు నాలుగు అని లెక్కపెట్టి, మళ్ళీ మూత పెట్టేవాడు. తర్వాత చేతులు జోడించి "ఎత్తుకోండి" అనేవాడు. ఆ ఒక్క మాట అనడంలో అతనికి ఉన్న మర్యాద ఎవరికీ లేదని ముసలివాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. ఏడుస్తున్న కోడళ్ళు కదిలి పొగలా పడేవాళ్ళు గాని, మధ్యలో కూర్చున్న మనిషి మాత్రం కనుబొమ్మ వెంట్రుకలతో సహా దిగేవాడు.

కడంబూరు దగ్గర నల్లరేగడి పల్లెలో తెలుగు రైతుల ఇంట పుట్టిన మనిషికి ఈ పని ఎట్లా పట్టుబడిందంటే, దుక్కి చేతకాక పట్టుబడింది. అరక సరిగ్గా పట్టలేడని తండ్రి నాలుగు తిట్టి వదిలేస్తే, మదురైలో ఒక ఫోటోల దుకాణంలో ఆరేళ్ళు బొమ్మ పడే గాజు పలకలు కడిగాడు. పని నేర్చుకుని విరుదునగర్ వచ్చి దుకాణం పెట్టాడు. ఆ భయం లేని ఒకరిద్దరు షావుకార్లు కూడా పెళ్ళి ఫోటోలకు మదురై నుంచి వేరే ఆయన్ని పిలిపించుకునేవారు, ఇతనికి చావులు మిగిలాయి. దానికి అతను బాధపడిందీ లేదు. పీనుగులంత మంచి మనుషులు లేరు, చెప్పినట్టు వింటారు, కదలరు అని స్నేహితులతో అనేవాడు. ఆ మాట అనడం చిన్నతాయి పోయిన తర్వాత మానేశాడు.

చిన్నతాయి అతని ఒక్కగానొక్క కూతురు. ఇల్లంతా తానే అన్నట్టు తిరిగేది. ఫోటో తీద్దామని ఆ పిల్లను రెండుసార్లు కూర్చోబెట్టాడు. రెండుసార్లూ నాలుగు లెక్కపెట్టేలోపే లేచి చేతులు ఊపింది. రెండు పలకలు చెడ్డాయి. "కదలకుండా కూసునే వయసు రానీ, అప్పుడు తీద్దాం" అన్నాడు. ఆ వయసు రాలేదు. వాంతిభేది వచ్చిన ఏడాది, ఒక పగలూ ఒక రాత్రీ, అంతే. పొద్దున ఆ పిల్లను అతనే ఒళ్ళో నుంచి దించి, కుర్చీలో కూర్చోబెట్టి, నాలుగు లెక్కపెట్టాడు. ఈసారి కదల్లేదు. పటం ఎంత బాగా వచ్చిందో చెప్పడానికి నాకే నోరు రావడం లేదు.

భార్య నాగమ్మాళ్ ఆ పటాన్ని చూడలేదు. గోడకు కొట్టిన మేకు పీకేసింది. అరవలేదు, శోకాలు పెట్టలేదు. నెల తర్వాత అన్నం వడ్డిస్తూ ఒక్క మాట అంది.

"బిడ్డ కదిలినాదని తీయలే మీరు. కదలనప్పుడు తీసినారు."

రంగసామి ముద్ద కంచంలో వదిలేసి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఆ తర్వాత నాలుగైదేళ్ళు వాళ్ళ కాపురం చూసేవాళ్ళకు బాగానే ఉండేది. అతనికి ఒకటే దిగులు పట్టుకుంది. కూతురి ప్రాణమున్న ముఖం ఎక్కడా లేదు. నాగమ్మాళ్‌కి దగ్గు వచ్చినా, తల తిరిగినా, ఈమె ముఖం కూడా చచ్చాకే తీస్తానా అని గుండె జారేది. ఒకరోజు ధైర్యం చేసి అడిగాడు, ఒక్కసారి కూర్చోమని.

"ఆ పెట్టికి పీనుగులే తెలుసు," అంది నాగమ్మాళ్. "కదిలేదాన్ని ఒక్కదాన్ని తీసి చూపండి. తీసినాంక అది బతికి ఉండాల. అప్పుడు కూసుంటా."

ఇది కోపంతో అన్న మాటా, భయంతో అన్న మాటా అతనికి తెలియలేదు. నన్నడిగితే రెండూను. అతను మాత్రం దాన్ని వ్రతంలా పట్టుకున్నాడు. ముందు పక్కింటి మేకపోతును తీశాడు. అది కదిలి కదలనట్టు పడింది. సంతోషపడేలోపే వారం తిరక్కుండా ఆ మేకపోతును కళుగుమలై దగ్గర అమ్మవారికి మొక్కు తీర్చడానికి తోలుకుపోయారు. పెరటి గోడ మీది పిల్లిని తీశాడు. దాన్ని కుక్క పట్టుకుంది. రంగసామికి తన పెట్టె మీద తనకే భయం వేసింది.

అప్పుడు వచ్చాడు సుబ్బురాజ్, నాగమ్మాళ్ తమ్ముడు. విళాత్తికుళం వైపు పల్లెలో అతని చేను. నలభై ఏళ్ళ మనిషి, ముప్పై ఏళ్ళుగా మంచె మీద నిలబడి పిట్టలు తోలుతున్నాడు. కంబు, అంటే మన సజ్జ, కంకులు పాలుపోసుకున్న దగ్గర్నుంచి కోత దాకా అతని కేక రెండు పల్లెలకు వినిపించేది. వడిసెల తిప్పి మట్టిబెడ్డ విసిరితే పిట్టకు తగలదు గాని, పిట్ట మనసు మార్చుకుని పోయేది. బావ గోడు విని అతను తొడ చరిచాడు.

"మేకా పిల్లీ ఏమిటికి బావా? సావు కండ్లబడని దాన్ని పట్టు. కొక్కుమునైకి రా. సంక్రాంతి పోయినాంక, తై నెల్లో వేలు వేలుగా దిగుతాయి ఎర్రరెక్క కొంగలు. ఎండలు ముదిరితే ఏ దేశమో పోతాయి. పోయినాంక సచ్చినాయో బతికినాయో అక్క ఎట్ల కనిపెడతాది?"

రంగసామి ఆ తెలివికి నవ్వాడు గాని, ఎర్రరెక్క కొంగలు అనే మాట అతని మనసులో దిగబడింది. చిన్నప్పుడు తండ్రి భుజాల మీద ఎక్కి ఆ కొక్కుమునై దగ్గర చూసిన కొంగల గురించి నాగమ్మాళ్ కూతురికి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. నిలబడితే తెల్లన, రెక్క విప్పితే ఎర్రన. చిన్నతాయి చేతులు చాచి "ఇట్లనా అమ్మా, ఇట్లనా" అని గది చుట్టూ పరిగెత్తేది. తీస్తే వాటినే తీయాలి అనుకున్నాడు.

తై నెల మొదటి వారంలో ఆరు గాజు పలకలు చీకటి పెట్టెల్లో సర్ది, రైల్లో కోవిల్‌పట్టి దిగి, మోటారు బస్సులో విళాత్తికుళం, అక్కణ్ణుంచి ఎద్దుబండిలో బామ్మర్ది ఇంటికి చేరాడు. సుబ్బురాజ్ చేనును పెళ్ళానికి అప్పజెప్పి మర్నాడు తెల్లవారేసరికి బావను సముద్రపు ఒడ్డుకు చేర్చాడు. కొక్కు అంటే అరవంలో కొంగ, మునై అంటే భూమి కొస. పేరుకు తగ్గట్టే ఇసుక మిట్ట ఒకటి సముద్రంలోకి వేలు చాచినట్టు పోయింది. ఒక పక్క అలలు, ఇంకో పక్క మోకాటిలోతు ఉప్పునీటి కయ్య. ఆ కయ్య నిండా కొంగలు.

సుబ్బురాజ్ పక్షులను చూసే పద్ధతే వేరు. అలల అంచున ఉల్లంకి పిట్టలు సన్నకాళ్ళతో పరిగెత్తుతుంటే కళ్ళు చిట్లించి, "ఇవి కంబు తినవు. మంచివి" అన్నాడు. సముద్రపు గువ్వలు నీళ్ళలోకి బాణాల్లా పడి చేపను ఎత్తుకుపోతుంటే, "వీటికి గింజ అక్కర్లే, పాపం మంచివే" అన్నాడు. తీతువు అరిస్తే మాత్రం ముఖం ముడిచాడు. "ఇది తినదు గాని, మనమొచ్చినామని మిగిలిన దొంగలందరికీ చెబుతాది." లోకంలో ఉన్న పక్షులన్నిటికీ అతని దగ్గర రెండే కులాలు, కంబు తినేవీ తిననివీ.

రంగసామి నల్లగుడ్డలో దూరాడు. గాజు మీద అంతా తలకిందులుగా కనిపించింది. కొంగలు ముక్కును నీళ్ళలో తలకిందులుగా పెట్టి మేస్తున్నాయి కాబట్టి, ఆ ముక్కు ఒక్కటే అతనికి సరిగా కనపడింది. అప్పుడు అతను చేసిన తప్పు చూడండి. కదిలేదాన్ని తీయాలని ఇంత దూరం వచ్చిన మనిషి, అవి కదలకుండా నిలబడేదాకా కాచుకుని కూర్చున్నాడు! ఇన్నేళ్ళ అలవాటు. ఒంటికాలి మీద నిద్రపోతున్న కొంగను ఎంచుకుని మూత తీశాడు. అది మేలుకుని ఒళ్ళు దులిపింది. "కదలకు!" అన్నాడు రంగసామి కొంగతో. మొదటి పలక పోయింది.

రెండో పలక పెట్టి మూత తీశాడో లేదో, నెత్తి మీద గాలి మోత. కొత్త గుంపు ఒకటి, వందల రెక్కలు, కయ్యలోకి దిగుతున్నది.

"హో... హోయ్! హోయ్ హోయ్!"

కయ్య మొత్తం ఒక్కసారిగా లేచిపోయింది. రంగసామి గుడ్డలోంచి తల బయటపెట్టి చూస్తే, సుబ్బురాజ్ రెండు చేతులూ నోటి మీద వేసుకుని నిలబడి ఉన్నాడు. అతనికే తెలియదు తాను అరుస్తాడని.

"ఏందిరా సుబ్బా ఇది?"

"ఏం చేయాల బావా! అంత గుంపు దిగుతుంటే చూస్తూ ఉండేదానికి నోరు ఒప్పలే."

మూడో పలక ఉల్లంకి పిట్టల మీద పెట్టాడు. మూత తీసి పెట్టేలోపు అవి పరిగెత్తిపోయి, ఇసుక మాత్రం చక్కగా పడింది. నాలుగోదానికి అదృష్టం పండింది. పాత పడవ గుంజ మీద గరుడపక్షి ఒకటి వచ్చి వాలింది. తెల్లటి తల, ఇటుకరంగు రెక్కలు, ఆలయంలో బొమ్మలా కూర్చుంది. రంగసామి నెమ్మదిగా దగ్గరికి పోయి, స్టాండు నిలిపి, నాలుగూ లెక్కపెట్టేదాకా అది రెప్ప ఆడించలేదు. అతను సంతోషంతో బామ్మర్దిని కావలించుకోబోయాడు. అంతలో సుబ్బురాజ్ తల గోక్కుంటూ అన్నాడు.

"బాగుండాది బావా. అయితే ఇది కదల్లే కదా? అక్క చూస్తే ఏమంటాది?"

రంగసామి ఇసుకలో కూలబడ్డాడు. నాగమ్మాళ్ ఏమంటుందో అతనికి తెలుసు. బతికున్న పక్షిని కూడా పీనుగును తీసినట్టే తీశాడు. తన చేతికి ఆ ఒక్కటే వచ్చు. కూతురు కూడా బతికున్నన్నాళ్ళూ తన ముందు ఇట్లాగే ఎగురుతూ ఉంటే, కూర్చోలేదని విసుక్కున్నాడు. ఆ విసుగు గుర్తొచ్చి అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సుబ్బురాజ్ చూడనట్టు నటించి, మూట కట్టుకొచ్చిన జొన్నరొట్టె ఒకటి చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నం అయిదో పలక. ఈసారి సుబ్బురాజ్ తువ్వాలుతో తన నోరు తానే కట్టుకున్నాడు. గుంపు దిగింది, రంగసామి మూత తీశాడు. సుబ్బురాజ్ నోరు పెగల్లేదు. కానీ మొలలో వడిసెల ఉంది, చెయ్యి ఖాళీగా ఉంది. మట్టిబెడ్డ గిర్రున పోయి కయ్య నడుమ బుడుంగుమంది. తువ్వాలు విప్పి, "నోరు కట్టినా బావా, చెయ్యి మరిచినా" అన్నాడు దీనంగా. అతన్ని కొట్టాలో నవ్వాలో రంగసామికి పాలుపోలేదు.

పొద్దు వాలింది. ఒక్క పలక మిగిలింది. పడమటి వెలుగు కయ్య మీద ఏటవాలుగా పడుతోంది. "నువ్వు దూరంగా పో సుబ్బా. ఆ పొదల వెనక బోర్లా పడుకో. తల ఎత్తితే ఒట్టు" అన్నాడు. సుబ్బురాజ్ వడిసెల కూడా బావ చేతికి ఇచ్చేసి, తలవంచుకుని పోయాడు. పోయిపోయి, ఇంకో పొద కనిపించింది కదా అని కయ్య గట్టు మీద, కెమెరాకు ఎదురుగానే పడుకున్నాడు.

పలక ఎక్కించాడు రంగసామి. మూత మీద వేళ్ళు వేసి, గుడ్డ బయట నిలబడి చూస్తున్నాడు. ఆకాశం చివర సన్నటి గీత కనపడింది. గీత గుంపయింది. ఉన్నవాటి మీదికి కొత్తవి, వేలకు వేలు దిగుతున్నాయి. పొద దగ్గర ఏదో మెదిలింది. పడుకున్న మనిషి తల ఎత్తాడు, మోకాళ్ళ మీదికి లేచాడు, ఇక ఆపుకోలేక నిలువునా లేచి, రెండు చేతులూ ఆకాశానికి ఎత్తి కేక వేశాడు. ముప్పై ఏళ్ళ మంచె మీది కేక.

కయ్యకు కయ్య రెక్కలు విప్పింది. తెల్లనిదంతా ఎర్రనైంది.

రంగసామికి ముందు కోపమే వచ్చింది. "కదలకు" అనబోయాడు. అంతలో ఆ చేతులు ఊపడం చూశాడు. చేతులు ఊపుతూ కుర్చీలోంచి దూకిన చిన్నతాయి కళ్ళముందు నిలబడింది. ఆ రోజు మూత పెట్టేసి తిట్టాడు. ఈ రోజు మూత తీశాడు. లెక్కపెట్టలేదు.

తిరుగు రైల్లో కూర్చున్నాక అసలు సంగతి బుర్రకెక్కింది. అతను తీసింది కొంగలను కాదు, నాగమ్మాళ్ ఒక్కగానొక్క తమ్ముణ్ణి. మేకపోతు గుర్తొచ్చింది, పిల్లి గుర్తొచ్చింది. ఇంటికి పోయి, "ఆరూ చెడినాయి" అన్నాడు. "సరి" అని నాగమ్మాళ్ అన్నం పెట్టింది.

పలక కడిగి చూసుకున్నాడు. మదురై దుకాణంలో అయితే పగలగొట్టి పారేసే పలక. సుబ్బురాజ్ చేతులు చేతుల్లా లేవు, విసిరిన నీళ్ళలా ఉన్నాయి. కొంగలు గీతలు గీతలుగా ఉన్నాయి. తెరిచిన నోరు మాత్రం ఉంది, చూస్తుంటే కేక వినిపించేట్టు ఉంది. కాగితం మీద ఒక్క ప్రతి వేసి, పాత పంచెలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున దాచాడు.

ఆ ఏడాది రంగసామి పడిన బాధ పగవాడికి వద్దు. సుబ్బురాజ్ దగ్గాడని తెలిస్తే నిద్ర పట్టేది కాదు. వానలు మొదలయ్యే పురట్టాసి నెలలో అతనికి జ్వరం తగిలిందని కబురొస్తే, చేతిలో ఉన్న చావు పని కూడా వద్దనేసి పరిగెత్తాడు. మూడు రోజులు మంచం పక్కన కూర్చుని, గంజి తాగించి, కాళ్ళు కూడా పట్టాడు. బావ బామ్మర్ది కాళ్ళు పట్టడం చూసి ఆ ఇంటి ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. జ్వరం దిగాక సుబ్బురాజ్, "నీకేం పట్టినాది బావా, నేనేమన్నా సస్తానా?" అన్నాడు. రంగసామి గబగబా అతని నోరు మూశాడు.

మళ్ళీ తై వచ్చింది. సుబ్బురాజ్ కొత్త కంబు మూటతో విరుదునగర్ వచ్చి, అక్క పెట్టిన అన్నం మూడోసారి మారు వడ్డించుకుంటూ తీరిగ్గా అన్నాడు.

"ఏం అక్కా, పోయిన తైలో బావ నన్ను పోటో పట్టినాడే. గోడకు తగిలించలేదా? నేను అంత అసింగంగా ఉండానా?"

రంగసామికి కంచం ముందు పై ప్రాణం పైనే పోయింది. నాగమ్మాళ్ గరిటె కింద పెట్టింది. ముందు మొగుణ్ణి చూసింది. తర్వాత తమ్ముణ్ణి చూసింది, చాలాసేపు. అతను చారు జుర్రుకుంటున్నాడు.

"పోయిన తైలోనా?"

"ఆఁ. ఏడాదైనాది."

"తీసుకురండి" అంది ఆమె.

రంగసామి ట్రంకుపెట్టె తెరిచి, పంచె విప్పి, పటం ఆమె చేతిలో పెట్టాడు. "చెడిపోయింది. చేతులు కదిలినాయి" అన్నాడు నేరం ఒప్పుకున్నట్టు. ఆమె దాన్ని వాకిట్లోకి, వెలుతురులోకి తీసుకుపోయింది. ఊపుతున్న ఆ చేతుల మీద వేలు పెట్టి నిమిరింది. ఆమె ఎవరి చేతులు నిమురుతున్నదో రంగసామికి తెలిసింది. ఇద్దరూ ఏడ్చారు. ఆరేళ్ళుగా ఎవరికి వారు దాచుకున్న ఏడుపు అది. సుబ్బురాజ్‌కి ఏమీ అర్థంకాక, తాను నిజంగానే అసింగంగా, అసహ్యంగా ఉన్నానేమోనని చెయ్యి కడుక్కుని దిగులుగా కూర్చున్నాడు.

కొంతసేపటికి నాగమ్మాళ్ ముఖం కడుక్కుంది. తల దువ్వుకుని, పసుపు చీర కట్టుకుని, బిడ్డను కూర్చోబెట్టిన దుకాణం కుర్చీ ముట్టుకోకుండా వంటింట్లోంచి తన పీట తెచ్చుకుని వాకిట్లో వేసుకుంది. కూర్చుని, కొంగు సర్దుకుని, పెట్టె వైపు కళ్ళెత్తి చూసింది. జీవితంలో మొదటిసారి.

రంగసామి స్టాండు నిలిపాడు, పలక ఎక్కించాడు.

"కదలకుండా ఉండాల్నా?" అంది ఆమె, భయంగా.

అతను మూత మీద చెయ్యి వేశాడు. ఇన్నేళ్ళుగా నాలుగు లెక్కపెట్టిన నోటికి ఆ అంకెలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"వద్దు నాగమ్మా," అన్నాడు. "పటం చెడినా సరే. నువ్వు కదులు."